మఠాధిపతి సుజే పరిపాలనా గ్రంథం - విస్మృతమైన పూర్వభాగం

పారిస్ నగరానికి ఉత్తరాన ఉన్న సెయింట్ డెనీ మఠానికి 1122 నుంచి 1151 వరకు అధిపతిగా ఉన్న సుజే, తన పరిపాలన 23వ ఏట ఒక గ్రంథరచనకు పూనుకున్నాడు. మఠసభలో ఆస్తిపాస్తుల ప్రస్తావన సాగుతున్నప్పుడు, తన హయాంలో మఠానికి సమకూరిన లాభాలు కాలక్రమంలో మరుగున పడకుండా వాటిని సిరాతో నమోదు చేయవలసిందిగా సోదర సన్యాసులు అర్థించారని ఆయన మొదటనే చెప్పుకున్నాడు. లాటిన్‌లో ఈ గ్రంథానికి వాడుకలో ఉన్న పేరుకు 'తన పరిపాలనలో జరిగిన పనులను గురించి' అని అర్థం. ప్రభుత్వ కార్యాలయాల్లో వార్షిక పరిపాలనా నివేదికలు రాసినవారికి, రాయించినవారికి ఈ ఉపోద్ఘాతపు ధోరణి సుపరిచితమే. అడిగినందువల్లనే రాస్తున్నామనడం, చేసిన పనిని వినయంగానూ విపులంగానూ చెప్పుకోవడం, రాబోయే అధికారి దానిని మార్చకుండా ముందుగానే కట్టడి చేయడం ఈ మూడూ అందులో ఉన్నాయి.

ఐరోపా మధ్యయుగ కళాచరిత్రలో ఈ గ్రంథానికి దక్కిన స్థానం మాత్రం పరిపాలనా నివేదికలకు సాధారణంగా దక్కేది కాదు. 1140 జూన్ 9న ప్రతిష్ఠ జరిగిన సెయింట్ డెనీ పడమటి ముఖభాగమూ, 1144 జూన్ 11న ప్రతిష్ఠ జరిగిన తూర్పు భాగమూ గోథిక్ వాస్తురీతికి ఆది అని చరిత్రకారులు చాలాకాలంగా భావిస్తున్నారు. మొనదేలిన కమానులు, పైకప్పు భారాన్ని మోసే రాతి పట్టీలు, గోడల స్థానాన్ని ఆక్రమించిన రంగుటద్దాల కిటికీలు ఆ తూర్పు భాగంలో మొదటిసారిగా ఒకచోట చేరాయి. విడివిడిగా చూస్తే ఇవి అంతకుముందు లేనివి కావు. బలిపీఠం చుట్టూ తిరిగే ప్రదక్షిణ మార్గాన్నీ, దాని అంచున వరుసగా ఉన్న చిన్న ప్రార్థనా మందిరాలనూ అడ్డుగోడలు లేకుండా ఒకే వెలుగులోకి తెచ్చిన కూర్పు మాత్రం కొత్తది. ఆ కట్టడాన్ని గురించి కట్టించినవాడే స్వయంగా రాసిన రచన లభించడం అపూర్వమైన విషయం. ఆ కాలపు కట్టడాలలో దేనికీ ఇంతటి సాక్ష్యం లేదు.

ఇరవయ్యో శతాబ్దపు పాఠకులకు ఈ గ్రంథాన్ని పరిచయం చేసినవాడు ఎర్విన్ పనోఫ్‌స్కీ. 1933లో నాజీ ప్రభుత్వం హాంబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి తొలగించగా అమెరికా చేరి, ప్రిన్‌స్టన్‌లో స్థిరపడిన ఈ మహాపండితుడు 1946లో సుజే రచనలను లాటిన్ మూలంతో, ఆంగ్లానువాదంతో, సుదీర్ఘమైన పీఠికతో ప్రచురించాడు. ఆ పీఠిక కళావిమర్శలో ఉత్తమ శ్రేణికి చెందినది. పొట్టివాడు, మాటకారి, రాజనీతిజ్ఞుడు, ఆభరణప్రియుడు, తన పేరు చిరస్థాయిగా ఉండాలని అమాయకంగా ఆశపడినవాడు అయిన ఒక మనిషి అందులో సజీవంగా కనిపిస్తాడు. అయితే పనోఫ్‌స్కీ ప్రచురించిన పరిపాలనా గ్రంథం ఉపోద్ఘాతం తర్వాత నేరుగా 24వ అధ్యాయానికి వెళుతుంది. మధ్యలోని అధ్యాయాలు ఆ సంపుటిలో లేవు. అవి భూములకు, కౌళ్లకు, ధాన్యానికి, ద్రాక్షతోటలకు, సంత సుంకాలకు సంబంధించినవి. తన సంపుటి మఠాలయాన్నీ, దాని కళానిధులనూ గురించినదని ఆయన శీర్షికలోనే స్పష్టం చేశాడు గనుక దీనిని మోసం అనడం న్యాయం కాదు. కానీ ఆ సంపుటి విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథమై, తర్వాతి తరాలకు సుజే అంటే అదే అయిపోయింది. రాబడి అధ్యాయాలు పోయి వ్యయ అధ్యాయాలు మిగిలాయి. ఆదాయపు పద్దు చించేసిన లెక్కల పుస్తకంలో ప్రతి ఖర్చూ ఒక దైవిక ప్రేరణలాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ ప్రేరణకు పనోఫ్‌స్కీ పెట్టిన పేరు వెలుగు తత్త్వం. దీని వెనుక ఉన్న కథ విచిత్రమైనది. మూడవ శతాబ్దంలో పారిస్‌లో హతుడైన బిషప్ డెనీ ఈ మఠానికి అధిదేవత. బైబిలులో పౌలు బోధ విని క్రైస్తవుడైన ఏథెన్స్‌వాసి డయోనీసియస్ వేరు. ఆ ఏథెన్స్‌వాసి పేరు పెట్టుకుని ఐదారు శతాబ్దాల సంధిలో గ్రీకు భాషలో గ్రంథాలు రాసిన అజ్ఞాత రచయిత ఇంకొకడు. పరమాత్మను వెలుగుగా భావించి, లోకంలోని ప్రతి వస్తువూ ఆ వెలుగును తన స్థాయికి తగినట్లు ప్రతిఫలిస్తుందని చెప్పినవాడు ఈ మూడవవాడు. బైజాంటియం చక్రవర్తి 827లో పంపిన ఆ గ్రీకు ప్రతి సెయింట్ డెనీకి చేరింది. అప్పటి మఠాధిపతి హిల్డువిన్ ముగ్గురినీ ఒక్కరిగా కలిపి ఒక జీవితచరిత్ర రచించాడు. మూడు వందల ఏళ్లపాటు మఠం దానినే నమ్మింది. ఈ గ్రంథాలే సుజేకు మార్గదర్శకమనీ, కిటికీల నిండా వెలుగు నింపిన కట్టడం ఆ తత్త్వానికి రాతిరూపమనీ పనోఫ్‌స్కీ ప్రతిపాదన.

వాదం మనోహరంగా ఉంది. ఆధారం మాత్రం పలుచన. సుజే ఆ గ్రీకు గ్రంథాలను నేరుగా ఎక్కడా ఉదహరించడు. బంగారుపూత తలుపుల మీద చెక్కించిన పద్యంలోనూ, రత్నాలను చూస్తూ మనసు పైలోకానికి ఎగసిందని చెప్పిన ఒక ప్రసిద్ధ ఖండికలోనూ వెలుగు ప్రసక్తి ఉన్న మాట నిజమే. అవి ఆనాటి ప్రార్థనా సాహిత్యంలో ఎవరి నోటనైనా వినిపించగల మాటలు. 1987లో బ్రిటిష్ చరిత్రకారుడు పీటర్ కిడ్‌సన్ ఈ సంగతిని నిర్మొహమాటంగా చెప్పి, సుజేను తత్త్వవేత్తగా నిలబెట్టినవాడు పనోఫ్‌స్కీయేనని వాదించాడు. 1990లో కాన్రాడ్ రుడాల్ఫ్ మరో దారి పట్టి, పారిస్‌లోని సెయింట్ విక్టర్ మఠానికి చెందిన హ్యూగో పండితుని ప్రభావం ఆ కట్టడపు శిల్పాల్లోనూ కిటికీల్లోనూ ఉందని చూపాడు. హ్యూగో 1141లో మరణించాడు. విద్యలను వర్గీకరించిన తన గ్రంథంలో నేత, నౌకాయానం, వ్యవసాయం, వైద్యంతో పాటు నిర్మాణకళకు కూడా ఆయన స్థానం కల్పించాడు. ఒక మఠాధిపతి పొరుగు మఠంలోని పండితుణ్ణి సంప్రదించడం గ్రీకు తత్త్వంలో మునిగి తేలడం కంటే ఎక్కువ నమ్మదగిన ఊహ. కానీ ఈ ఇద్దరు విమర్శకుల దృష్టి కూడా ప్రధానంగా ఉత్తరభాగం మీదనే నిలిచింది. నా అభిప్రాయంలో సుజే విద్యాసంస్కారం ఏమిటో తెలుసుకోవడానికి పూర్వభాగమే మేలైన సాక్షి.

అందులో మొదట కనిపించేది ఊళ్ల పేర్లు. ఒక్కొక్క ఊరినీ తీసుకుని, తాను వచ్చేనాటికి దాని స్థితి, దానిమీద ఇతరుల పెత్తనం, తాను చేసిన మార్పు, పెరిగిన ఆదాయం చెప్పుకుంటూ పోతాడు. బోస్ మైదానంలోని టూరీ గ్రామాన్ని తీసుకుందాం. సుజే యౌవనంలో మఠం తరఫున అక్కడ ఠాణేదారుగా ఉన్నాడు. పొరుగున ల్ పుయిజే కోటలో ఉన్న హ్యూ అనే సామంతుడు రైతుల ధాన్యాన్నీ పశువులనూ దండుకుపోయేవాడు. ఆరవ లూయీ 1111లో ఆ కోటను ముట్టడించి పడగొట్టాడు. అది మళ్లీ లేచింది. 1112లోనూ, 1118లోనూ మళ్లీ ముట్టడించవలసి వచ్చింది. ఇదే వృత్తాంతాన్ని సుజే తాను రచించిన ఆరవ లూయీ చరిత్రలో వీరగాథగా వర్ణించాడు. పరిపాలనా గ్రంథంలో అదే సంగతి పంటల లెక్కగా మారింది. కోట కూలింది గనుక కౌలు పెరిగింది. ఒకే సంఘటనను రెండు శైలుల్లో రాయగలిగిన ఈ నేర్పును విమర్శకులు పట్టించుకోలేదు. యుద్ధం దేనికోసం జరిగిందో వీరగాథ కంటే లెక్కల పుస్తకమే సూటిగా చెబుతుంది.

వోక్రెసన్ ప్రకరణం మరొకటి. పారిస్‌కు పడమట, దారిదోపిడీగాళ్ల స్థావరంగా ఉన్న బీడుభూమిలో సుజే ఒక కొత్త గ్రామాన్ని నెలకొల్పాడు. చర్చి కట్టించాడు, నాగళ్లు పూన్పించాడు, సుమారు 60 కుటుంబాలను తెచ్చి స్థిరపరిచాడు. ఈ నాలుగు మాటలు రాసిన తీరులో అలంకారం ఏమీ లేదు. అయినా మొత్తం గ్రంథంలో ఆయన గర్వం నిజంగా తొణికిసలాడే చోట్లలో ఇది ఒకటని నాకు తోస్తుంది. ద్రాక్షతోటలను గురించిన మాట ఇంకా ఆసక్తికరం. పూర్వం ద్రాక్షసారాయం కొనడానికి మఠం తన శిలువలనూ ఆరాధనా పాత్రలనూ కుదువపెట్టవలసి వచ్చేదని చెప్పి, తాను నాటించిన తోటల సంగతి వివరిస్తాడు. కళానిధులు అంటే పనోఫ్‌స్కీ సంపుటిలో మనం చూసే ఆ బంగారు పాత్రలే. తోటలు లేకపోతే అవి తాకట్టు కొట్లో ఉండేవి. ఈ ఒక్క వాక్యం ఆ సంపుటిలోకి వచ్చి ఉంటే వెలుగు తత్త్వపు చర్చ కొంత భిన్నంగా సాగేదేమో.

ఇక అర్జాంత్యోయ్ వ్యవహారం. ఇక్కడ విద్య, సాహిత్యం, ఆస్తి మూడూ ఒక్కచోట ముడిపడ్డాయి. సుజే తన కౌమారంలో మఠపు దస్తావేజుల గదిలో పాత పత్రాలను తిరగేస్తూ కాలం గడిపేవాడినని, అర్జాంత్యోయ్‌లోని స్త్రీమఠం పూర్వం సెయింట్ డెనీకే చెందినదని అప్పుడే గ్రహించానని రాశాడు. 1129లో ఆ హక్కును రాజు ఎదుటా పోపు ప్రతినిధి ఎదుటా నెగ్గించుకుని అక్కడి సన్యాసినులను వెళ్లగొట్టాడు. వారి నడవడి మంచిది కాదన్నది ఆయన ఆరోపణ. వెళ్లగొట్టబడినవారిలో ప్రధాన సన్యాసిని హెలోయిజ్. ఆమె భర్త, ఆ యుగంలో తర్కశాస్త్రానికి పెట్టింది పేరైన పీటర్ అబెలార్డ్, తన పారక్లీట్ ఆశ్రమాన్ని వారికి అప్పగించాడు. సుజే ఆధారం చేసుకున్న పత్రాల ప్రామాణికత మీద ఆధునిక చరిత్రకారులకు గట్టి అనుమానాలున్నాయి. ఆ అనుమానాన్ని పక్కన పెట్టి చదివినా, ఆ ప్రకరణంలో స్త్రీల గొంతు ఒక్కటీ వినిపించదన్నది గమనించవలసిన విషయం. పదిహేనేళ్ల తర్వాత రాస్తున్న సుజేకు ఆ వ్యవహారం ముగిసిన కేసు. హెలోయిజ్ పేరైనా ఆయన ఎత్తడు.

అబెలార్డ్‌కు కూడా ఈ మఠంతో సంబంధం ఉంది. తనకు జరిగిన ఘోరం తర్వాత అతడు సన్యసించింది ఇక్కడే. 1121 ప్రాంతంలో, బీడ్ రచన చదువుతూ, ఏథెన్స్ డయోనీసియస్ గురించి మఠం నమ్ముతున్న కథకు విరుద్ధమైన మాట ఒకటి అతని కంటబడింది. దానిని సాటి సన్యాసులకు చూపించాడు. మఠానికే కాక రాజ్యానికే ద్రోహం చేశాడన్నంతగా వారు మండిపడ్డారు. అతడు రాత్రివేళ పారిపోయాడు. మరుసటి సంవత్సరం అధిపతి అయిన సుజే, ఇంకే మఠంలోనూ చేరరాదన్న షరతు మీద అతణ్ణి వదిలిపెట్టాడు. మఠం పరువు నిలిచింది, తలనొప్పీ వదిలింది. పరిపాలకుడి పరిష్కారం అంటే ఇదే.

అబెలార్డ్ తన 'అవును-కాదు' గ్రంథంలో 158 ప్రశ్నలను తీసుకుని, ప్రతిదానికీ పూర్వాచార్యుల పరస్పర విరుద్ధ వాక్యాలను పక్కపక్కన పెట్టి, నిర్ణయం చెప్పకుండా వదిలేశాడు. సుజే కూడా పాత పత్రాలు చదివినవాడే. ఒకడు పత్రాన్ని ప్రశ్నించడానికి చదివాడు, మరొకడు దావాకు దాఖలు చేయడానికి చదివాడు. పన్నెండవ శతాబ్దపు విద్యావికాసం అన్న మాటకు పాఠ్యగ్రంథాలు సాధారణంగా మొదటి అర్థాన్నే ఇస్తాయి. కట్టడాలు లేచింది మాత్రం రెండవ రకం చదువు మీద. ఈ రెండూ ఒకే గ్రంథాలయంలో, ఒకే దశాబ్దంలో ఎదురెదురు పడ్డాయన్నది నాకు గోథిక్ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టంగా కనిపిస్తుంది.

1951లో పనోఫ్‌స్కీ గోథిక్ వాస్తువుకూ మధ్యయుగ తర్కపద్ధతికీ మధ్య సంబంధాన్ని గురించి మరో చిన్న పుస్తకం ప్రచురించాడు. భాగం, ఉపభాగం, ప్రశ్న, ఆక్షేపం, సమాధానం అంటూ సాగే శాస్త్రగ్రంథ నిర్మాణమూ, స్తంభం, ఉపస్తంభం, పట్టీ అంటూ విభజన పొందే చర్చి నిర్మాణమూ ఒకే మానసిక అభ్యాసం నుంచి పుట్టాయని అందులోని ప్రతిపాదన. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియర్ బూర్దియో 1967లో దీనిని అనువదించి, అందులోని అభ్యాస భావననే తన సిద్ధాంతానికి మూలస్తంభంగా చేసుకున్నాడు. ఊహగా ఇది గొప్పది. పదమూడవ శతాబ్దపు కట్టడాల విషయంలో కొంతవరకు ఒప్పుకోవచ్చు కూడా. సెయింట్ డెనీ విషయంలో మాత్రం కాలం పొసగదు. థామస్ అక్వినాస్ తన మహాసంగ్రహాన్ని 1265లో మొదలుపెట్టాడు. పీటర్ లొంబార్డ్ వాక్యసంగ్రహం సైతం 1150ల నాటిది. 1140లో తూర్పు భాగానికి పునాది పడేనాటికి, పనోఫ్‌స్కీ చెప్పిన క్రమబద్ధమైన శాస్త్రగ్రంథం ఇంకా రూపుదిద్దుకోలేదు. ఉన్నది అబెలార్డ్ పద్ధతి. దానిని ఆ మఠం అప్పటికే గెంటివేసింది.

సుజే మరో చిన్న రచన, చర్చి ప్రతిష్ఠను గురించినది, సాహిత్యంగా చూస్తే పరిపాలనా గ్రంథం కంటే మిన్న. పాత చర్చి ఇరుకు వల్ల ఉత్సవదినాల్లో జరిగిన తొక్కిసలాటను ఆయన వర్ణించిన తీరు చదివి తీరవలసినది. ఊపిరాడని స్త్రీలు మగవారి తలల మీదుగా నడిచి బలిపీఠం చేరుకోవడం, అవశేషాలను చూపిస్తున్న సన్యాసులు దిక్కుతోచక వాటితో సహా కిటికీల గుండా పారిపోవడం కళ్లకు కట్టినట్లుంటాయి. స్తంభాలకు పాలరాయి ఎక్కడ దొరుకుతుందని ఆలోచించి, రోమ్‌లోని డయోక్లీషియన్ స్నానశాలల నుంచి సముద్రమార్గాన తెప్పించాలనుకుని, చివరకు దగ్గర్లోని పోంత్వాజ్‌లో మంచి రాతిగని దొరికిందని సంబరపడతాడు. ఖర్చు లెక్కలు కూడా ఇక్కడే చెబుతాడు. పనికి ఏటా 200 లివ్రులు కేటాయించాడు. అందులో 150 భక్తుల కానుకల నుంచి, ముఖ్యంగా లాంది సంతనాడూ డెనీ పండుగనాడూ పడినవి. మిగిలిన 50 బోస్‌లోని విలేన్ గ్రామం నుంచి. ఆ విలేన్ పూర్వం బీడు. తాను సాగులోకి తెచ్చి, దాని రాబడిని ఏటా 80 నుంచి 100 లివ్రుల దాకా పెంచానని కూడా అక్కడే రాశాడు. అంటే పనోఫ్‌స్కీ అనువదించిన పుటల్లోనే పూర్వభాగపు ప్రతిధ్వని స్పష్టంగా ఉంది. విని ఊరుకున్నారు.

దూలాల కథ అందరికీ నచ్చేది. అంత పొడవైన దూలాలు ఈ చుట్టుపట్ల దొరకవని పారిస్ వడ్రంగులూ అటవీ ఉద్యోగులూ తేల్చిచెప్పారు. ఒక రాత్రి నిద్రపట్టక లేచిన సుజే, దూలాల కొలతలు తీసుకుని, వడ్రంగులను వెంటబెట్టుకుని తానే అడవికి వెళ్లాడు. కావలసిన పన్నెండు దూలాలూ దొరికాయి. ఆయన దానిని అద్భుతమన్నాడు. నిపుణుల నివేదికను తనిఖీ చేయకుండా ఆమోదించని అధికారి ప్రవర్తన అనడానికీ అవకాశం ఉంది. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చి పైకప్పు కాలిపోయినప్పుడు, అటువంటి చెట్లు ఫ్రాన్సులో ఇక లేవన్న మాట మళ్లీ వినిపించింది. దేశంలోని అడవుల నుంచి రెండు వేల దాకా ఓక్ చెట్లు సమకూరాయి. 2024 డిసెంబరులో చర్చి తిరిగి తెరుచుకుంది.

ఈ ఆడంబరాన్ని ఆనాడే ప్రశ్నించినవారున్నారు. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ 1125 ప్రాంతంలో రాసిన లేఖారూప గ్రంథంలో, పేదలు ఆకలితో ఉండగా చర్చి గోడలకు బంగారం తొడగడాన్ని తీవ్రంగా అధిక్షేపించాడు. అది సుజేను ఉద్దేశించి రాసినది కాదు. అయినా సుజే, తన మీద వచ్చిన విమర్శకు జవాబు చెబుతున్న ధోరణిలో, నిర్మలమైన మనసు ముఖ్యమన్న మాటను తానూ అంగీకరిస్తానని, బాహ్యమైన అలంకారంతోనూ సేవించాలన్నది తన విశ్వాసమని రాశాడు. తర్వాత రత్నాలు కొన్న సంగతి చెబుతాడు. దానంగా వచ్చిన రత్నాలను అమ్ముకోవడానికి కొన్ని మఠాల సన్యాసులు వచ్చారు. ఆ వచ్చినవారిలో బెర్నార్డ్ సంప్రదాయానికి మాతృస్థానమైన సితో మఠంవారూ ఉన్నారు. 400 లివ్రులకు బేరం కుదిరింది. వాటి విలువ అంతకంటే చాలా ఎక్కువని కూడా ఆయన చెప్పకుండా ఉండలేకపోయాడు. రత్నాలు వద్దన్నవారి నుంచి రత్నాలు చవకగా కొన్నట్లు చెప్పిన ఈ వాక్యం కంటే గట్టి జవాబు బెర్నార్డ్‌కు ఇంకొకటి లేదు. రాసినవాడికి ఆ చమత్కారం తెలుసుననే నా నమ్మకం.

మన ఉపఖండానికి ఈ చర్చతో ఒక నిజమైన సంబంధం ఉంది. కొలంబోలో జన్మించి బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళావిభాగాన్ని తీర్చిదిద్దిన ఆనంద కుమారస్వామి, 1935లోనే డయోనీసియస్ సౌందర్యభావనలను అనువదించి వ్యాఖ్యానించాడు. మధ్యయుగ క్రైస్తవ శిల్పికీ భారతీయ శిల్పికీ కళాదృష్టి ఒక్కటేనని ఆయన సిద్ధాంతం. ఆయన పాండిత్యం ముందు ఎవరైనా తలవంచవలసిందే. కానీ ఆయన రచనల ప్రభావంతో మనలో చాలామంది మధ్యయుగపు కట్టడాన్ని చూడగానే దాని తత్త్వాన్ని అడుగుతాం గాని, దాని మాన్యాన్ని అడగం. పనోఫ్‌స్కీ కత్తిరింపు మనకు లోటుగా తోచకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఆ లోటు ఇప్పుడు తీరింది. ఫ్రాన్స్వాజ్ గాస్పారీ 1996లో పరిపాలనా గ్రంథాన్ని పూర్తిగా ఫ్రెంచి అనువాదంతో వెలువరించింది. 2018లో రిచర్డ్ కుసిమానో, ఎరిక్ విట్‌మోర్‌ల ఆంగ్లానువాదం వచ్చింది. ఊళ్ల లెక్కలు చదవడం విసుగనుకునేవారు టూరీ, వోక్రెసన్, అర్జాంత్యోయ్ ప్రకరణాలైనా చదవాలి.

పూర్తి గ్రంథం చదివినా తీరని వెలితి ఒకటి ఉంది. కట్టడానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి పేరు సుజే ఎక్కడా రాయలేదు. పాత చర్చి మధ్యరేఖతో కొత్త భాగం సరిగా కలిసేటట్లు క్షేత్రగణిత, అంకగణిత పరికరాలతో కొలిచారని మాత్రం చెప్పాడు. ఎవరు కొలిచారో చెప్పలేదు. తన పేరు మాత్రం శాసనాల్లో, తన ప్రతిమ పడమటి ద్వారం మీదా కిటికీ అద్దంలోనూ ఉండేలా చూసుకున్నాడు. పనివారి విషయంలో ఆయన చేసిన ఒక ఏర్పాటు గ్రంథంలో నమోదైంది. వివిధ దేశాల నిపుణులు చేసిన ఆ కిటికీల అద్దాలను కాపాడడానికి ఒక ఉస్తాదునూ, బంగారు వెండి పనులకు ఒక కంసాలినీ శాశ్వతంగా నియమించాడు. వారికి జీతం బలిపీఠం కానుకల నుంచి నాణేలు, మఠపు ఉమ్మడి గాదె నుంచి పిండి. ఆ పిండి ఏ ఊరి గోధుమలదో పూర్వభాగంలో వెతుక్కోవచ్చు. అద్దాలలో ఎక్కువభాగం ఇప్పుడు లేవు. ఫ్రెంచి విప్లవం తర్వాత పారిస్‌లోని ఒక మ్యూజియానికి తరలించిన వాటిలో కొన్ని పగిలిపోయాయి, కొన్ని చేతులు మారాయి. పందొమ్మిదో శతాబ్దంలో తిరిగి అమర్చిన కొద్ది ఫలకాల్లో ఒకదానిలో, కన్య మరియ పాదాల దగ్గర సాష్టాంగపడి ఉన్న సుజే ఇప్పటికీ కనిపిస్తాడు. పక్కన ఆయన పేరు రాసి ఉంది.